తూకాలాయన బోరు పెంచిన వైనం

తూకాలాయన నోరు జారింది ఒక ఆదివారం పొద్దున, కొండ రోడ్డు మీద మూడో మలుపు దగ్గర.

ఆయన తూనికలు, కొలతల ఆఫీసులో తనిఖీదారు. కొట్లన్నీ తిరిగి కాటాలు సరిచూసి, సరిగ్గా ఉన్నవాటికి సీసం ముద్ర వేసి వస్తాడు. పాతికేళ్ల సర్వీసులో ఐదు గ్రాముల తేడా వచ్చినా కేసు రాయకుండా వదల్లేదు. వీధివాళ్లు ఆయన పేరు ఎప్పుడో మరిచిపోయి తూకాలాయన అనడం మొదలుపెట్టారు. అంత కచ్చితమైన మనిషీ తన నోట్లోంచి వచ్చే మాటను మాత్రం ఎప్పుడూ తూచి చూసుకోలేదు.

భార్య దర్జీ. ఇంటి ముందుగదిలోనే కుట్టు మిషను, ఎదురుగా అద్దం, మూలన ఇస్త్రీ బల్ల. ఆవిడ తల్లి ఆరు నెలలుగా కొండ మీది ఊపిరితిత్తుల ఆసుపత్రిలో ఉంది. చూడనిచ్చేది ఆదివారాలే. ప్రతి ఆదివారం మొగుడూ పెళ్లాలిద్దరూ మోటార్‌సైకిల్ మీద వెళ్లి చూసి వచ్చేవాళ్లు.

ఆ రోజు మూడో మలుపు దగ్గర బండి మూలిగింది. గేరు తగ్గించినా కదల్లేదు.

"కాస్త దిగుతావా?" అన్నాడు ఆయన.

ఆవిడ దిగింది. అక్కడితో ఊరుకుంటే ఈ కథే లేదు.

"ఆరేళ్ల కిందట కొన్నప్పుడు ఇద్దర్నీ ఇట్టే లాక్కెళ్లేది," అన్నాడు తూకాలాయన. "బండిలో మార్పేం లేదు మరి."

ఆవిడ సంచీ భుజానికి తగిలించుకుని ఆసుపత్రి గేటు దాకా నడిచింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సెక్కింది. ఆ తర్వాత వరసగా ఏడు ఆదివారాలు ఏడున్నర బస్సుకే వెళ్లింది. తూకాలాయన ఆ బస్సు వెనకాలే ఒంటరిగా బండి మీద, దాని పొగ పీలుస్తూ, వెనక అద్దంలోంచి కనిపించే భార్య తలను చూస్తూ కొండెక్కేవాడు.

ఇంట్లో మాటలు కరువయ్యాయి. "అన్నం పెట్టాను." "తాళం బల్ల మీద ఉంది." "గొడుగు తడిగా ఉంది." రోజుకు ఈ మూడే. బయట పదిహేను రోజులుగా వాన. వరండాలో తాడు మీద బట్టలు ఆరవు, లోపల మనుషులూ అంతే.

'తప్పైంది' అంటే పోయేది. మూడక్షరాల మాట. ఆ మూడక్షరాలు పలకడానికి బదులు తూకాలాయన ఇంజిను మొత్తం విప్పించడానికి సిద్ధపడ్డాడు.

పథకం ఇదీ. ఇంజిను సత్తువ రహస్యంగా పెంచించాలి. ఒక ఆదివారం ఎలాగో నచ్చజెప్పి భార్యను ఎక్కించుకోవాలి. బండి మూడో మలుపును అవలీలగా దాటుతుంది. అప్పుడు ఏమీ ఎరగనట్టు, "చూశావా, నువ్వెంత చిక్కిపోయావో," అనాలి. ఆవిడ మనసు కరగాలి. క్షమాపణ అవసరం లేకుండానే వ్యవహారం ముగిసిపోవాలి.

మార్కెట్ వెనకాల ఒక మెకానిక్ ఉన్నాడు. ఏం చెప్పినా "అయిపోతుంది సార్" అనడం వల్ల అతనికి అయిపోతుంది మేస్త్రి అనే పేరు స్థిరపడింది.

"బోరు పెంచుదాం సార్," అన్నాడు మేస్త్రి.

"మా ఇంట్లో ఇప్పటికే బోరెక్కువని మా ఆవిడ బాధ."

మేస్త్రి నవ్వలేదు. "పిస్టన్ ఆడే గొట్టం సార్, బోరంటే. అది తీసేసి పెద్దది వేస్తాం. పిస్టనూ పెద్దదే. నూటయాభై సీసీ కాస్తా నూట ఎనభై అవుతుంది. మీ బండి కొండెక్కుతుంది. నాదీ పూచీ."

దీపాలు కూడా కొండెక్కుతాయని తూకాలాయనకు ఆ క్షణాన గుర్తు రాలేదు.

ఇంట్లో ఆయిలు మార్పిస్తున్నానని చెప్పాడు. మూడు రోజులకు బండి తిరిగి వచ్చింది. వీధిలో మెత్తగా నడిచింది. గొంతు కూడా కాస్త బొంగురుపోయి పెద్దమనిషి తరహా వచ్చింది. తూకాలాయనకు ముచ్చటేసింది. ఆ ముచ్చట రైలు గేటు దగ్గరి వంతెన దాకానే. అక్కడ ఎత్తులో ఎక్సలరేటరు పూర్తిగా తిప్పేసరికి బండి దగ్గింది, ఎగశ్వాస తీసింది, సైలెన్సరులో ఫట్‌మని పేలి ఆగిపోయింది. ముట్టుకుంటే చెయ్యి కాలేంత వేడి. మీటరు పక్కన పసుపుపచ్చ దీపం ఒకటి వెలిగింది.

మేస్త్రి ప్లగ్గు విప్పి చూపించాడు. "చూడండి సార్, ముత్యంలా ఎంత తెల్లగా ఉందో. లోపల బ్రహ్మాండంగా మండుతోంది. తేడా పెట్రోలులో ఉంది."

పెట్రోలు అనగానే తూకాలాయనలోని ఉద్యోగి లేచాడు. మర్నాడే ఐదు లీటర్ల కొలపాత్ర పట్టుకుని తను పెట్రోలు పోయించుకునే బంకు మీద తనిఖీకి వెళ్లాడు. బంకువాళ్లు వానలో వరసగా నిలబడ్డారు. నాలుగు గొట్టాలూ కొలిచాడు. చుక్క తేడా లేదు. కల్తీ పరీక్ష కాగితం మీద మరక పడలేదు. చివరికి బాగుందని రాసి, సంతకం పెట్టి, బండెక్కి మీట నొక్కాడు. బండి ఫట్‌మంది. బంకు యజమాని మర్యాదకు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఆ తర్వాత గాలి వడపోసే జల్లెడ మార్చారు. ట్యాంకులోని పంపు మార్చారు. పెట్రోలు చిమ్మే ఇంజెక్టరును విప్పి కడిగారు.

"కార్బురేటరు రోజులైతే స్క్రూ అరచుట్టు తిప్పేవాణ్ని సార్," అన్నాడు మేస్త్రి దిగులుగా. "ఇప్పుడు పెత్తనమంతా సీటు కింద నల్ల డబ్బాది. ఎంత పెట్రోలు పొయ్యాలో అదే చెబుతుంది."

"అదేం చెబుతోందో?"

"దాన్నెవరు అడుగుతారు సార్," అన్నాడు మేస్త్రి. పసుపుపచ్చ దీపం మీద నల్ల టేపు ముక్క అంటించాడు. "ఇదిగో, దీపం గొడవ తీరిపోయింది."

మర్నాడు పొద్దున తూకాలాయన వరండాలో, ఆరని దుప్పటి చాటున నిలబడి మేస్త్రికి ఫోను చేశాడు.

"ఇంజెక్షన్ సరిగ్గా పడట్లేదేమో. ఒళ్లు ముట్టుకుంటే కాలిపోతోంది. ఎత్తెక్కితే ఊపిరి అందట్లేదు. నిన్న రెండుసార్లు ఆగిపోయింది, మళ్లీ కాసేపటికి వచ్చింది. అయితే ఇక విప్పి చూడాల్సిందేనంటావా?"

దుప్పటి పక్కకు జరిగింది. భార్య. చేతిలో కత్తెర. మొహంలో రక్తం లేదు.

"అమ్మకేనా?" అంది.

తూకాలాయనకు ఒక్క క్షణం అర్థం కాలేదు. ఆరు వారాల్లో ఆవిడ ఆయన కళ్లలోకి చూసి మాట్లాడిన మొదటి మాట అది.

"అబ్బే, కాదు. మీ అమ్మ బాగానే ఉంది. ఇది మా ఆఫీసు గుమాస్తాకు. జ్వరం."

"విప్పి చూడటమేమిటి?"

"చొక్కా," అన్నాడు.

అబద్ధం చిన్నదే, కానీ దానికి పోషణ కావాల్సి వచ్చింది. గుమాస్తా పాపం ఒంటరివాడని ఆవిడకు తెలుసు. ఆ రోజు నుంచి ఫ్లాస్కులో జావ పోసి ఇవ్వడం మొదలుపెట్టింది. గుమాస్తా గుండ్రాయిలా ఎదుటి బల్ల దగ్గరే కూర్చుని ఉంటాడు. తూకాలాయన గోడవైపు తిరిగి ఆ జావ తానే తాగాడు. ఐదో రోజు జావ బదులు కషాయం వచ్చింది. పచ్చి చేదు. "పారబోస్తాడేమో, దగ్గరుండి తాగించండి," అంది ఆవిడ. మిగిలిస్తే కడిగేటప్పుడు తెలిసిపోతుంది, పారబోయడానికి మనసొప్పదు. మూడు రోజులు అదీ తాగాడు.

ఒక బుధవారం పొద్దున ఎనిమిదిన్నరకు ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. ముసలావిడకు ఊపిరి అందడం లేదు. గొంతు దగ్గర చిన్న కోత పెట్టి గొట్టం వేస్తారు. పదింటికి లోపలికి తీసుకెళతారు. ఆ గొట్టం ఉన్నన్నాళ్లూ మాట రాదు. మళ్లీ ఎప్పుడొస్తుందో, వస్తుందో రాదో కూడా ఇప్పుడే చెప్పలేరు. ఈలోగా కూతురితో మాట్లాడాలని అడుగుతోంది.

ఏడున్నర బస్సు పోయింది. తర్వాతది పదకొండింటికి.

ఆవిడ చెప్పులేసుకుని వచ్చి బండి పక్కన నిలబడింది.

వీధి చివర అద్దె కార్లు నిలబడి ఉంటాయి. పిలిస్తే వస్తాయి. తూకాలాయనకు ఆ సంగతి తెలుసు. కానీ ఏడు వారాల తర్వాత భార్య తనంతట తాను బండి దగ్గరికి వచ్చింది. నిన్ననే మళ్లీ కడిగించిన ఇంజెక్టరు. ఇదే అదనని ఆ బుర్రకు తోచింది. ఎక్కు అన్నాడు.

బండి రెండో మలుపు దాటింది. మూడో మలుపుకు ఇంకా వంద గజాలుందనగా దగ్గింది, పేలింది, ఆగింది. ఇంజిను టిక్కు టిక్కుమంటూ చల్లారసాగింది. పైన సన్నగా వాన.

"చల్లబడితే పది నిమిషాల్లో బయల్దేరుతుంది," అన్నాడు.

ఆవిడ రోడ్డు పక్క పిట్టగోడ మీద కూర్చుంది. "బండికేం చేయించారు?"

"ఆయిలు..."

"మీ గుమాస్తా నాలుగు రోజుల కిందట పొద్దున్నే ప్యాంటు పొడుగు తగ్గించుకోవడానికి వచ్చాడు. జ్వరం ఎలా ఉందని అడిగితే నా వంక వింతగా చూశాడు."

నాలుగు రోజుల కిందట. తూకాలాయన లెక్క వేసుకున్నాడు. కషాయం మొదలైన రోజు. నోరు ఇప్పుడు మళ్లీ చేదెక్కింది.

"ఇంజిను పెద్దది చేయించాను," అన్నాడు నేల చూస్తూ.

"ఎందుకు?"

ఎందుకో వదిలేసి పిస్టన్ గురించి, పంపు గురించి, నల్ల డబ్బా గురించి గడగడా చెప్పాడు. ఆవిడ వాచీ చూసుకుంటూ విన్నది.

"పెట్రోలు కొలిచి పోసేది ఆ డబ్బాయేనా?"

"అవును."

"ఇంజిను పెంచినట్టు దానికెవరైనా చెప్పారా?"

తూకాలాయన బండి సీటు వంక చూశాడు.

"పాత కొలతలతో కొత్త మనిషికి చొక్కా కుడితే చంకల కింద చిరిగిపోతుంది," అంది ఆవిడ. అందులో ఎత్తిపొడుపు కూడా లేదు. అలసిపోయిన గొంతు.

కింద నుంచి బ్రెడ్డు వ్యాను వచ్చింది. ముందు సీటులో ఒకరికే చోటుంది. ఆవిడ ఎక్కి వెళ్లిపోయింది. తూకాలాయన తడుస్తూ నిలబడి, ఇంజిను చల్లారాక ఒక్కడే నెమ్మదిగా నడుపుకుంటూ పైకి చేరాడు.

ఆసుపత్రి వరండాలో మూసిన తలుపు ముందు భార్య నిలబడి ఉంది. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి.

"చూశావా?" అన్నాడు.

"ఐదు నిమిషాల్లో తప్పింది," అంది ఆవిడ. "నేను మెట్లెక్కుతుంటే లోపలికి తీసుకెళ్లారట. అమ్మాయి వస్తోందా అని రెండుసార్లు అడిగిందట."

పక్కన బల్ల మీద ఫ్లాస్కు, దువ్వెన, ముసలావిడ కళ్లజోడు పెట్టి ఉన్నాయి. తూకాలాయన 'తప్పైంది' అనబోయాడు. "బండి..." అని మాత్రం వచ్చింది.

"బండి సంగతి ఇప్పుడొద్దండి," అంది.

సాయంత్రానికి ముసలావిడ కళ్లు తెరిచింది. ఇబ్బందేం లేదన్నారు డాక్టర్లు. మెడకు కట్టు, కట్టులోంచి గొట్టం. నర్సు కాగితం, పెన్సిలు ఇస్తే రెండు మాటలు రాసి కూతురికిచ్చింది. 'వానలో తడిశారా?' కూతురు లేదని తలూపింది. ముసలావిడ అల్లుడి వంక చూసింది. ఆయన చొక్కా అంచు నుంచి గచ్చు మీద నీటిబొట్టు పడింది. తూకాలాయన బయటికి వచ్చి మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాడు.

రెండో రోజు భార్య ఒక చీటీ ఆయన ముందు పెట్టింది. "బ్రెడ్డు వ్యానాయన ఇచ్చిన చిరునామా. డబ్బాల పని తెలిసిన అమ్మాయట. పదండి, నేనూ వస్తాను." ఒంటరిగా పంపే నమ్మకం పోయిందని వేరే చెప్పనక్కర్లేదు.

పాత గోదాములో షెడ్డు. కళ్లద్దాల అమ్మాయి ఒకతె లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. చుట్టుపక్కల డబ్బా డాక్టరమ్మ అంటారట. ముందు ప్లగ్గు విప్పింది.

"ఎముకలా తెల్లబడిపోయింది."

"ముత్యంలా ఉందని మేస్త్రి అన్నాడు."

"ఆకలి సార్ అది. పెట్రోలు చాలక తెల్లబడింది. ఇంకొన్నాళ్లు ఇలాగే నడిపితే పిస్టన్ కాలి చిల్లి పడేది." దీపం మీది టేపు పీకి పారేసింది. లాప్‌టాప్ నుంచి తీగ తీసుకెళ్లి నల్ల డబ్బాకు తగిలించింది. "నిదానంగా వెళ్లేటప్పుడు సైలెన్సరులోని సెన్సరు పొగ వాసన చూసి కొంచెం ఎక్కువ పొయ్యమంటుంది. అందుకే వీధిలో బాగుంటుంది. ఎక్సలరేటరు పూర్తిగా తిప్పితే డబ్బా ఎవరి మాటా వినదు. తన పుస్తకంలో రాసి ఉన్నంతే పోస్తుంది. ఆ పుస్తకం ఇంకా నూటయాభై దగ్గరే ఉంది."

ముప్ఫై సీసీల తరుగు. ఊరందరి తూకాలూ పట్టుకున్న మనిషి తన సీటు కింద తరుగు పట్టుకోలేకపోయాడు. భార్య ఆయన వంక చూడలేదు. చూడకపోవడమే నయమనిపించింది.

"కాస్త పెద్ద ఇంజెక్టరు వేసి లెక్కలు మారుస్తాను," అంది డాక్టరమ్మ. "కొండ చడావులో బరువు కట్టి పరీక్షించాలి. ఇద్దరూ కలిపి ఎంతుంటారు?"

"నేను డెబ్బై," అన్నాడు తూకాలాయన. ఆరేళ్ల కిందట ఆఫీసు వైద్యపరీక్షలో రాసిన అంకె అది. "ఆవిడ..." అని ఆగిపోయాడు.

"అటు కాటా ఉంది, ఎక్కండి. సరుకు తూచేదే."

ఆవిడ చెప్పులు విప్పి ఎక్కింది. అరవై రెండు.

తూకాలాయన బూట్లు విప్పాడు. గొడుగు పక్కన పెట్టాడు. జేబులోంచి తాళాల గుత్తి తీసేశాడు. పెన్ను కూడా తీసేశాడు. ఎక్కాడు. తొంభై ఒకటి.

దిగి మళ్లీ ఎక్కాడు. తొంభై ఒకటే.

"ఈ కాటాలో ఏదో తేడా ఉంది," అన్నాడు, ఉద్యోగపు గొంతుతో.

"పోయిన నెలే తనిఖీ అయింది సార్. ముద్ర చూడండి."

వంగి చూశాడు. సీసం బిళ్ల మీద నంబరు ఆయనదే. ఆయన చేత్తో ఆయన బిగించినదే.

"నూటయాభై మూడు. రాసుకో అమ్మాయ్," అంది భార్య.

శనివారానికి బండి సిద్ధమైంది. ఇసుక మూటలు కట్టి డాక్టరమ్మే మూడో మలుపు ఎక్కించి దించింది. ఆదివారం పొద్దున తూకాలాయన బండిని తుడిచి గుమ్మం ముందు పెట్టాడు. నిజంగానే బాగా మోగుతోంది. ఆవిడ సంచీ తగిలించుకుని బండి పక్కనుంచే నడిచి వీధిలోకి వెళ్లింది.

"ఇప్పుడు ఎక్కుతుంది," అన్నాడు వెనకాల వెళుతూ.

"తెలుసు. మీరు వెళ్లండి. నేను బస్సులో వస్తాను."

"ఇంకా కోపమేనా?"

"కోపం రెండో వారానికే పోయింది."

తూకాలాయన నిలబడిపోయాడు. "మరి ఇన్నాళ్లూ బస్సు?"

"కిటికీ పక్క సీటు దొరుకుతుంది. గంటసేపు కళ్లు మూసుకుంటాను. వారం మొత్తంలో ఎవరికీ ఏమీ కుట్టక్కర్లేని గంట అదొక్కటే."

"ఇంట్లో మాట్లాడలేదుగా?"

"మీరు మాట్లాడతారేమోనని చూశాను," అంది ఆవిడ.

తూకాలాయన వెనక్కి వెళ్లి బండికి తాళం వేసి, పరుగులాంటి నడకతో బస్సు అందుకున్నాడు. ఆవిడ కిటికీ పక్కన, తల అద్దానికి ఆనించి, అప్పటికే కళ్లు మూసుకుని ఉంది. పక్కన కూర్చున్నాడు. రెండు స్టాపులు దాటేదాకా గొంతు సవరించుకున్నాడు. బస్సు చప్పుడులో వినపడదేమోనని కాస్త గట్టిగానే మొదలుపెట్టాడు.

"ఆ రోజు నేనన్న మాట తప్పు. బరువు నాది, నిన్నన్నాను. బుధవారం కారు పిలవాల్సింది. నా గొప్ప కోసం నిన్ను బండెక్కించాను. అమ్మ గొంతు వినకుండా చేశాను. తప్పైంది."

ఆవిడ కదల్లేదు. నిద్రపోయిందనుకున్నాడు. అంతా మళ్లీ మొదటి నుంచి చెప్పాలి కాబోలనుకుని నిట్టూర్చాడు.

"డ్రైవరు దాకా వినపడింది," అంది ఆవిడ కళ్లు తెరవకుండానే. "సరే. ఇక నన్ను పడుకోనివ్వండి."

అటు సీట్లవాళ్లు ఇటు తిరిగి చూస్తున్నారు. తూకాలాయన తల దించుకుని బూట్ల వంక చూసుకున్నాడు. కాసేపటికి ఆవిడ తల అద్దం మీదనుంచి జారి ఆయన భుజం మీద ఆగింది. ఆసుపత్రి గేటు వచ్చేదాకా ఆయన గొంతు కూడా సవరించుకోలేదు.